వణుకు ఆగితే

తెప్ప ఎక్కి పదిహేడు గంటలైంది. స్వాల్‌బార్డ్ మంచు సముద్రంలో ఓడ మునిగితే, రబ్బరు తెప్పలో మనిషి ఎంతసేపు నిలుస్తాడో తేల్చే పరీక్ష ఇది. పరీక్ష పెట్టిన ఇంగున్‌తో కలిపి ఆరుగురు ఎక్కారు. అందరిలోకీ పెద్దవాడు ఆమె బాబాయి ఓడ్వర్, అరవై ఎనిమిదేళ్ళ జాలరి. "జాలరి లేకుండా నీ పరీక్షేమిటే?" అని నెల రోజులు ప్రాణం తీస్తే ఒప్పుకుంది. అదే ఆమె చేసిన బుద్ధితక్కువ పని.

"చాలు" అన్నవాళ్ళను పడవ వచ్చి ఓడకు చేరుస్తుంది. నలుగురు అన్నారు, వెళ్ళారు. ఓడ్వర్ నోట ఆ మాట రాదని వాళ్ళ ఊళ్ళో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. అందుకే ఇంగున్ ఇంకో నియమం పెట్టింది. గంటకోసారి ఎవరి ఒంటి మీది చలి సూటు బకిల్ వాళ్ళు వేళ్ళతో తీసి పెట్టుకోవాలి. వేళ్ళు మొరాయిస్తే పరీక్ష అయిపోయినట్టే.

"ఏమే, ఇంకా వణుకుతున్నావా?" ఓడ్వర్ నవ్వాడు. మాట ముద్దగా వచ్చింది. "నన్ను చూడు. వణుకు ఆగి అరగంటైంది. వేడెక్కాను."

ఇంగున్ రాస్తున్న కాగితం పక్కన పెట్టింది. వేడెక్కితే ఆగే వణుకు వేరు, ఒంట్లో సత్తువ అయిపోతే ఆగే వణుకు వేరు.

"బాబాయ్, బకిల్ తియ్యి."

"ఇందాక తీశానుగా."

"నా ఎదురుగా తియ్యి."

ఆయన తల వంచి బకిల్‌ను పళ్ళతో పట్టుకున్నాడు. ఆమె కాగితం మీదికి వంగి రాసుకుంటున్నప్పుడల్లా ఇదే చేశాడన్నమాట, మొండి ఘటం!

ఆమె రేడియో అందుకుంది. "చాలు. ఇద్దరం వస్తాం. పడవ పంపండి."

"మంచుపలక అడ్డం పడింది," అన్నాడు కెప్టెన్. "చుట్టు తిరిగి రావాలి. నలభై నిమిషాలు."

పరీక్ష కాస్తా నిజమైపోయింది. ఆయనను మెల్లగా పడుకోబెట్టి, తెప్పలో ఉన్న రెండు చలి కాచే సంచులూ కప్పి, తనూ లోపల దూరి వాటేసుకుంది. ఆయన మెడ చేప పొట్టలా చల్లగా తగిలింది. భయంతో ఆమెకు ఏడుపు కూడా రాలేదు. ఇలాంటి తెప్పలోనే ఆమె ఎనిమిదో ఏట తండ్రి ఐనార్ పోయాడు. ఓడ్వర్ ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఐనార్," అన్నాడు ఆయన ఆమె చెవిలో. "నిద్రపోకురా."

"పోను," అంది ఆమె. "నువ్వూ పోకు."

పడవ వచ్చేదాకా ఆ ఒక్క మాటే చెబుతూ ఉండిపోయింది.

ఓడలో మూడు గంటల తర్వాత ఆయనకు వణుకు తిరిగొచ్చింది. "గండం గడిచింది," అంది డాక్టరు.

"వణికితే గడవడమేమిటి?" ఓడ్వర్ ఇంగున్‌ను అడిగాడు. "ఆగితే కదా మంచిది?"

"కాదు బాబాయ్. చలిలోనే ఉండి వణుకు ఆగిందంటే, మనిషి పోతున్నట్టే."

ఆయన చేతిలో కప్పు వణికి పాలు ఒలికాయి. ఇంగున్ ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది.

"ఐనార్‌కీ ఆగింది," అన్నాడు ఆయన. "హమ్మయ్య, వేడెక్కాడనుకున్నాను. వాడి మీద దుప్పటి తీసి నేను కప్పుకున్నాను."

ఆమె చేతులు ఆయన చేతి మీదే ఉన్నాయి. తీయాలో ఉంచాలో ఆమెకు తెలియలేదు.