ఖాళీ బిళ్ల

ఆడపడుచు అర్ధమొగుడన్నారు. నా ఖర్మ కొద్దీ మా ఆడపడుచు నేను పనిచేసే ల్యాబులోనే పరిశోధనకు చేరింది. ఇంట్లోనూ ఆవిడే, ఇక్కడా ఆవిడే.

తను తయారుచేసింది ఒక ఆకుపచ్చ పొడి. రాగి చుట్టూ వేరే అణువులను గూడులా అల్లితే అది ఒంట్లో ఎంజైము చేసే పని చేస్తుందట, బాక్టీరియాను చంపుతుందట. "హీరోకి డూపు లాంటిది వదినా" అంది. డూపుల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు.

బాక్టీరియా పూసిన పళ్లెంలో రెండు కాగితం బిళ్లలు పెడతారు. ఒకదానికి పొడి కలిపిన చుక్క వేస్తారు, రెండోది ఖాళీ. మర్నాటికి పొడి ఉన్న బిళ్ల చుట్టూ బాక్టీరియా చచ్చి వలయం రావాలి, ఖాళీ బిళ్ల చుట్టూ రాకూడదు. ఆ బిళ్లలు కత్తిరించి, శుద్ధి చేసి, సీసాల్లో నింపేది నేనే. ఇరవై రెండేళ్ల నుంచీ.

పోయిన వారం చెత్తడబ్బా అడుగున కాగితంలో చుట్టిన ఆరు పళ్లేలు దొరికాయి. ఖాళీ బిళ్లల చుట్టూ కూడా వలయాలే! అంటే ఆ పొడి గొప్పేమీ లేదు, ఆ సంగతి ఈ మహాతల్లి దాస్తోంది. పైగా నన్ను చూడగానే ఏదో పొట్లం సంచిలోకి తోసేసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

"ఏంటది?"

"ఏం లేదు వదినా."

"ఏం లేనిదానికి జిప్పెందుకు?"

నవ్వింది గానీ జిప్పు తీయలేదు. నాకు ఒళ్లు మండి నేరుగా ల్యాబు పెద్ద మేడం దగ్గరికెళ్లి చెప్పేశాను.

"బిళ్లలు బాగానే ఉన్నాయా?" అన్నారు మేడం.

"నా బిళ్లలకేం? రేపు చూపిస్తాను."

"నిజమైతే ఆ అమ్మాయి ఇక ఇక్కడ ఉండదు" అన్నారావిడ.

ఆ సాయంత్రం నా చేత్తోనే పళ్లెంలో బాక్టీరియా పూసి, ఖాళీ బిళ్ల పెట్టాను. పొడి దరిదాపులకు కూడా పోలేదు. పొద్దున్నే తీసి చూస్తే బిళ్ల చుట్టూ అద్దంలా వలయం.

సీసా ఎత్తి వెలుతుర్లో తిప్పాను. గీకేసిన లేబుల్ కింద యాంటీబయాటిక్ పేరు సగం మిగిలి ఉంది. మందు బిళ్లలు అయిపోయిన సీసాలు పారేయడానికి మనసొప్పక, పోయిన నెల నుంచీ నేనే తుడిచి వాడుతున్నాను. అడుగున ఆ మందు తాలూకు ధూళి ఇంకా ఉంది.

"తెలిసిపోయిందా వదినా?"

వెనక ఆడపడుచు నిలబడి ఉంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం."

"చెప్పడానికి నోరు రాలేదా?"

"అన్నయ్యకి పని పోయి మూణ్ణెల్లయింది. నీ మీదకి కూడా వస్తే ఇల్లెట్లా?" అంటూ సంచి జిప్పు తీసింది. పొట్లంలో కొత్త బిళ్లలు. "అన్నీ మొదట్నుంచి మళ్లీ చేస్తున్నా. ఇదిగో, చూడు."

తను చేతికిచ్చిన కొత్త పళ్లెంలో ఖాళీ బిళ్ల చుట్టూ ఏమీ లేదు. ఆకుపచ్చ బిళ్ల చుట్టూ మాత్రం సన్నటి వలయం ఉంది.

"చిన్నదే వదినా, కానీ నిజమైనది" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మేడం పదింటికి రమ్మన్నారు. ఎందుకో నీకేమన్నా తెలుసా?" అని అడిగింది.

గడియారంలో తొమ్మిదిన్నరయింది. సీసా కొంగులో పట్టుకుని మేడం గదికి నడిచాను.