ఇంకొకటి కొడతా

పద్దెనిమిది హోల్స్ గోల్ఫ్ మైదానాన్ని రెండోసారి చుడుతూ పదిహేడో హోల్ దగ్గరికి వచ్చేసరికి డూగల్ ఇమ్రీకి ఒకే ఒక్క దెబ్బ వెసులుబాటు మిగిలింది. పొద్దుటి నుంచి ముప్పైనాలుగు హోల్స్ ఆడాడు, ఇంకా రెండున్నాయి. ఒక్కొక్కటీ నాలుగు దెబ్బల్లో ముగించవలసినది. రెండూ కలిపి తొమ్మిదిలో ముగిస్తే, వేసవిలో జరిగే పెద్ద పోటీకి ఎంపికయ్యే నలుగురిలో అతడు నాలుగోవాడు. పది అయితే అతడి ఆట అంతటితో సరి. ఈసారి ఎంపిక కాకపోతే సోమవారం నుంచి దుకాణంలో కూర్చుంటానని మా ఊరి క్లబ్బు కమిటీకి మాటిచ్చాడు. ఇరవై రెండేళ్లు పోటీలాడి బతికిన మనిషి ఇకమీదట చేతితొడుగులు అమ్ముతూ, శనివారాలు డాక్టర్లకూ బ్యాంకు మేనేజర్లకూ కర్ర పట్టుకోవడం నేర్పుతూ బతకాలన్నమాట.

నేను అతని కర్రల సంచి మోసేవాణ్ణి. ముప్పై ఏళ్ల కిందట ఇదే తీరంలోని బడిలో అతనికి లెక్కలు చెప్పాను. ఉద్యోగ విరమణ చేశాక చర్చి పెద్దగా ఆదివారాలకు పని దొరికింది. తక్కిన ఆరు రోజులకూ డూగల్ దొరికాడు. నలభైమూడేళ్లు వచ్చినా నన్ను మాస్టారనే పిలుస్తాడు.

అతని సాధన చూసినవాళ్లు పిచ్చి అనేవారు. అక్టోబరు మొదలుకొని మార్చి దాకా, సముద్రం మీది నుంచి వడగళ్లు కొట్టుకొస్తున్నా సరే, ఉదయం మూడు గంటలసేపు ఒకే కర్రతో, ఒకే గుర్తుకు కొట్టేవాడు. ఒకనాడు నేను గొడుగు కింద వణుకుతూ, "ఇప్పటికే బాగా కొడుతున్నావు కదురా, ఇంకా ఎందుకు?" అని అడిగాను.

"మంచి దెబ్బ కోసం కాదు మాస్టారూ. నా చెడ్డ దెబ్బ ఎంతవరకు చెడిపోవచ్చో దానికి నేర్పుతున్నా. గుండె దడదడలాడేటప్పుడు తల పనిచెయ్యదు. ఒంటికి ఏది అలవాటైతే అదే బయటికొస్తుంది."

ఆ మాటలోని సత్యాన్ని అప్పుడు నేను సగమే గ్రహించాను.

పదిహేడో హోల్ మొదట్లో నిలబడితే ఎడమవైపు సముద్రం, కుడివైపు పచ్చగా పూసిన ముళ్లపొదలు. గాలి ఎడమ నుంచి కుడికి, ఆగి ఆగి, మనసు మార్చుకుంటున్నట్టుగా వీస్తోంది. డూగల్‌తో జోడీగా ఆడుతూ అతని స్కోరు రాస్తున్నవాడు కేలమ్ బెయిన్ అనే ఇరవై మూడేళ్ల యువకుడు. అందరికన్నా ఐదు దెబ్బలు ముందున్నాడు. ఏ చింతా లేనివాడు కనుక నోరు ఊరుకోదు.

"ఏంటి తాతా, ప్యాంటు వణుకుతోంది? గాలికేనా?"

"గాలికే. నీ నోట్లోంచి వచ్చేదానికి."

కేలమ్ పగలబడి నవ్వాడు. డూగల్ నవ్వలేదు. బంతి వెనుక నిలబడి రెండుసార్లు ఊపిరి పీల్చి వదిలాడు. కర్ర ఎత్తిన క్షణానే గాలి ఒక్క ఊపుగా లేచింది. బంతి ఎడమగానే బయలుదేరింది. పైకి పోయి, అక్కడ తనవారెవరూ లేనట్టు తడబడి, కుడివైపు ముళ్లపొదల్లోకి ఒరిగిపోయింది.

కేలమ్ అప్పటికే పొదల వైపు ముందుకు నడుస్తున్నాడు. డూగల్ వెనక్కి చూడకుండానే చెయ్యి చాపాడు. నేను ఆ చేతిలో మరో బంతి పెట్టాను.

"ఇంకొకటి కొడతా" అన్నాడు.

ఆ మాట నా చెవిన పడింది. కాని నా చూపు మొదటి బంతి మాయమైన చోట, ఎండిన ఒక కొమ్మ మీద ఉంది. ఆ కొమ్మను పోగొట్టుకుంటే బంతినీ పోగొట్టుకుంటాం. ఈలోగా రెండో బంతి తక్కువ దూరమే అయినా గురి తప్పకుండా వెళ్లి గడ్డి బాట నడుమ పడింది. నడవడం మొదలుపెట్టాం.

వెతకడానికి మూడు నిమిషాలే గడువు. ముళ్లలో చేతులు గీరుకుపోతున్నాయి. రెండో నిమిషం దాటుతుండగా కేలమ్ కేక వేశాడు.

"ఇదిగో! తాతా, నువ్వేం పూజలు చేశావో గానీ!"

కుందేళ్లు గీకి చదును చేసిన చోట, చేత్తో పెట్టినట్టుగా ఉంది బంతి. ఎదుట ఒక్క ముల్లు కూడా అడ్డం లేదు. నూట పది గజాల దూరంలో హోల్ మీది జెండా. అక్కడి నుంచి నాలుగులో ముగించడం డూగల్‌కు నిద్రలో కూడా సాధ్యం. కేలమ్ అతని వీపు చరిచాడు. నేను సంచి దించి కర్ర తీసి ఇవ్వబోయాను.

డూగల్ అందుకోలేదు.

"మాస్టారూ, ఇందాక నేనేమన్నాను?"

నియమం మాకందరికీ తెలుసు. మొదటి బంతి దొరకదేమోనని మరొకటి కొట్టేటప్పుడు, కొట్టకముందే అది తాత్కాలిక బంతి అని స్పష్టంగా చెప్పాలి. చెప్పకపోతే అదే అసలు బంతి అవుతుంది. మొదటిది ఎంత చక్కగా దొరికినా చచ్చినదాని కిందే లెక్క, పైగా ఒక దెబ్బ జరిమానా. మా ఊళ్లో శనివారపు ఆటల్లో ఎవ్వరూ ఆ పొడుగు మాట అనరు. "ఇంకొకటి కొడతా" అంటారు, ఎదుటివాడు తలూపుతాడు. డూగల్ ఆ ఆటలు ఆడే పెద్దవాడయ్యాడు.

నోటికి కావలి ఉంచమని దైవాన్ని నిత్యం వేడుకునేవాణ్ణి. నాకప్పుడు తోచినదేమిటో దాచి లాభం లేదు. గాలి పెద్దగా ఉంది. కేలమ్ అప్పుడు దూరంగా ఉన్నాడు. నేను "తాత్కాలికమన్నావు" అంటే డూగల్ నమ్ముతాడు, ఎందుకంటే అతనికి నిజంగానే గుర్తు లేదు. నా ఒక్క మాటతో అతని బతుకు నిలబడుతుంది. నాలుక మీదకు వచ్చింది కూడా.

"ఇంకొకటి కొడతా అన్నావు, డూగల్. అంతే అన్నావు."

అతడు తల పంకించి, చెయ్యెత్తి రిఫరీని పిలిచాడు.

కేలమ్ భగ్గుమన్నాడు. "ఏంటి మాస్టారూ ఇది? అర్థం తెలీట్లేదా ఎవరికైనా? మా నాన్నా అంతే అంటాడు, మా తాతా అంతే అనేవాడు. నాకు తాత్కాలికమనే వినబడింది. రాసుకోండి, నేనే చెప్తున్నా."

"నీకు వినబడలేదు కేలమ్. నువ్వప్పటికే సగం దూరం నడిచావు."

"అయితే ఏంటంట? నీ మేలు కోరి చెప్తుంటే నాతోనే తగవా!"

"నువ్వు నా మేలు కోరుతున్నావని తెలుసురా. ఊరుకో."

రిఫరీ శ్రీమతి మెల్‌డ్రమ్ పొడుగాటి, సన్నటి మనిషి. పొదల మధ్యకు వచ్చి, ముగ్గురి మాటా వరసగా విన్నది. కేలమ్ తనకు వినబడిందన్న మాట మళ్లీ ఎత్తలేదు. అర్థం గురించి మాత్రం వాదించాడు. ఆమె డూగల్‌ను రెండోసారి అడిగింది.

"ఇంకే మాటా అనలేదా, ఇమ్రీ గారూ? బాగా ఆలోచించుకోండి. నేనేమీ తొందరపెట్టను."

"లేదమ్మా. అంతే అన్నాను."

"ఆ మాట చాలదు. క్షమించండి. రెండో బంతే ఆడాలి. ఇప్పటికి మీవి మూడు దెబ్బలు."

ఆమె కళ్లు చెమర్చాయని తరువాత కేలమ్ ఊరంతా చెప్పాడు. నాకు కనబడింది గాలి మాత్రమే.

ఇప్పుడిక్కడ ఐదుకు ముగించాలి, అంటే మరో రెండు దెబ్బలే. జెండా నూట ఎనభై గజాలు. రెండో బంతి దగ్గరికి నడుస్తూ, "తప్పు నాది. నేను విన్నాను. ఆపవలసినవాణ్ణి" అన్నాను.

"నోరు నాది మాస్టారూ. పాతికేళ్లుగా ప్రతి శనివారం ఆ మాటే సాధన చేశాను. కష్టం రాగానే అదే వచ్చింది. దానికి మీరేం చేస్తారు? ఎన్ని గజాలో నంబరు చెప్పండి."

నంబరు చెప్పాను. అతడు రెండుసార్లు ఊపిరి పీల్చి వదిలాడు. బంతి గాలి కిందుగా, తక్కువ ఎత్తున వెళ్లి జెండాకు పన్నెండడుగుల దూరంలో ఆగింది. ఆ పన్నెండడుగులు దాటడానికి అతడు తీసుకున్న సమయం నా జీవితంలో ఒక సంవత్సరం. బంతి చివరి చుట్టులో ఆగినట్టే ఆగి, లోపలికి జారింది. ఐదు.

"హమ్మయ్య! నాకు గుండె జబ్బు తెప్పిస్తావు, తాతా!" అన్నాడు కేలమ్. ఈసారి అతని గొంతులో ఎగతాళి లేదు.

చివరి హోల్ నాలుగులో ముగించాలి. మొదటి దెబ్బ నిటారుగా పోయింది. రెండోది హోల్‌కు ముందు అడ్డంగా పారే వాగు దాటింది గాని భయం కొంచెం ఎక్కువ బలం పెట్టింది. బంతి, హోల్ చుట్టూ గడ్డిని నున్నగా కత్తిరించిన గ్రీన్ వెనుక అంచుకు చేరింది. అక్కడి నుంచి నలభై అడుగులు, పల్లం వైపు. మెల్లగా తాకించినా ఆగలేదు; హోల్ పక్కగా సాగి ఐదడుగులు దాటిపోయింది.

ఐదడుగులు. చలికాలపు ఉదయాల్లో అతడు లెక్కలేనన్నిసార్లు కొట్టిన దూరం. కాని ఆ ఉదయాల్లో గ్రీన్ చుట్టూ రెండు వందల మంది ఊపిరి బిగబట్టి నిలబడలేదు.

సామాన్యంగా పొట్టి దెబ్బలకు అతడు నన్నేమీ అడగడు. ఆ సాయంత్రం మోకాలి మీద కూర్చుని చాలాసేపు చూసి, నన్ను రమ్మని వేలు ఆడించాడు.

"నాకు కనబడట్లేదు మాస్టారూ. ఒకసారి ఎడమకి తిరుగుతుందనిపిస్తోంది, ఒకసారి కుడికి."

నేను ఒంగి చూశాను. వాలు కుడికి ఉంది, కొద్దిగా. గాలి దాన్ని మరి కొద్దిగా పెంచుతుంది. అంత మాత్రమే తెలుసు. అంతకు మించి తెలిసినట్టు మాట్లాడితే అబద్ధం. నసిగితే అతని చేతులు చెడతాయి.

"ఎడమ అంచు. బయట కాదు, లోపలి అంచు. మెత్తగా పోనిచ్చావంటే తిరిగిపోతుంది. గట్టిగా కొట్టు."

"నిజంగానే చెప్తున్నారా, ధైర్యానికా?"

"నిజంగానే."

"సరే."

నేను పక్కకు తప్పుకున్నాను. జనంలో ఎక్కడో ఒక పసిపిల్ల దగ్గింది. డూగల్ ఆగి, మళ్లీ మొదటి నుంచి ఆరంభించాడు. ఊపిరి. మరొక ఊపిరి. కర్ర కదిలింది. బంతి ఎడమ అంచు మీదికి తిన్నగా, తొందర తొందరగా పోయింది. చివరి అడుగులో కుడికి ఒరగబోయింది, అంతలో కింద నేల లేకుండా పోయింది.

కేకలు లేచాయి. కేలమ్ టోపీ గాలిలోకి విసిరాడు. అది వాగు వైపు ఎగిరిపోయింది, వాడు దాని వెంట పరుగెత్తాడు. డూగల్ చేతులెత్తలేదు. హోల్ దగ్గరికి నడిచి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి నిలబడిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. నేను దగ్గరికి వెళ్లాను.

"మాస్టారూ, బంతి మీరే తియ్యండి" అన్నాడు. "ఇప్పుడు ఒంగానంటే మళ్లీ లేవలేను."