మూత లేని పర్వతం

నేను ఒక గాజు తొట్టిని. మూత లేకపోవడమే ఈ లోకంలోని సమస్త దుఃఖాలకూ మూలమనీ, ఈ సత్యాన్ని విస్మరించిన సామ్రాజ్యమేదీ నిలవలేదనీ మొదటే ప్రకటిస్తున్నాను. సామ్రాజ్యాలను నేను చూడలేదు. నాకు మూత లేదు, అంతే.

కాకినాడలో చేపల తొట్లు చేసే దుకాణంలో పుట్టాను. నన్ను మొదట కొన్నది ఒక పళ్ల డాక్టరు. రోగులు కూర్చునే గదిలో నన్ను నిలిపి, అడుగున ఎర్రని గులకరాళ్లు పరిచి, రెండు బంగారు చేపలను వదిలారు. పన్ను పీకించుకోబోయేవారికి చేపలను చూస్తే ధైర్యం కలుగుతుందని ఆయన సిద్ధాంతం. లోపలి నుంచి వచ్చే కేకలకు చేపలే ముందు ధైర్యం కోల్పోయి పరమపదించాయి. నేను పాతసామాన్ల కొట్టుకు చేరాను. మూలలోని జిగురుకు అంటుకుపోయిన ఒక్క గులకరాయి మాత్రం నన్ను వదలక వెంట వచ్చింది.

అక్కడ నన్ను కొన్నది సువర్చల. విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర పరిశోధకురాలు. చేపలను మోసిన నేను, ఆమె పుణ్యాన పర్వతాలను మోయడానికి నియమితుణ్ణయ్యాను. ఇంతటి పదోన్నతి మనుషుల్లో కూడా అరుదు.

ఆమె వాదం ఇది. కొండ అంటే కంటికి కనిపించే శిఖరం మాత్రమే కాదు. దాని అడుగున చల్లని, గట్టి శిల వేరులా లోతుకు దిగి ఉంటుంది. కాలక్రమాన ఆ వేరు తన కిందనున్న వేడి, మెత్తని శిల కంటే బరువెక్కుతుంది. అప్పుడది మెల్లగా సాగి, బొట్టులా వేలాడి, తెగి, భూగర్భంలో మునిగిపోతుంది. కిందికి లాగే బరువు పోయింది గనుక పైనున్న కొండ లేస్తుంది.

పరిశోధనా సంఘంలో పెద్దవారైన గురునాథం గారికి ఇది రుచించలేదు.

"వేరు ఊడిన చెట్టు పడుతుందమ్మా. లేవడం ఎక్కడైనా చూశావా?"

"కొండ చెట్టు కాదు కదండీ."

"సరే, మా కళ్లముందు ఊడదియ్యి. ఊడిందా, నీ అంశం నీదే. లేదంటే శుభ్రంగా కంకర క్వారీల మీద రాసుకో."

నాలుగేళ్ల శ్రమ ఒక్క బొట్టు మీద వేలాడింది. ఇలాంటి ప్రయోగాలకు విదేశాలలో వాడే ద్రవాలు తెప్పించే స్తోమత ఆ శాఖకు లేదు. సువర్చల పంచదారను ఆశ్రయించింది. మెత్తని శిలకు బదులు లేత పాకం. వేరుకు బదులు ఇనుప రజను, ఎర్రరంగు కలిపిన ముదురు పాకం. అన్నిటికీ పైన కొండగా పేరిన నెయ్యి. అటెండరు బుల్లబ్బాయి తలుపు దగ్గరే నిలబడి గాలి పీల్చాడు.

"మేడమ్ గారూ, ఇది కొండంటారేంటండి? ఏలక్కాయొకటేస్తే పెళ్లికి పెట్టెయ్యొచ్చండి!"

మొదటిసారి వేరు మరీ లేతదైంది. జారకుండా కరిగి, నా కడుపు నిండా ఎర్రని షర్బతు మిగిలింది. రెండోసారి ఉండపాకం దాటిపోయింది. వేరు పప్పుచెక్కలా బిగుసుకుని, ఆరు నూరైనా కదలనంది. సువర్చల నిట్టూర్చలేదు, ఎవరినీ నిందించలేదు. రెండుసార్లూ నన్ను వేడినీళ్లతో కడిగి, "మళ్లీ" అని మాత్రం అంది. ఆ మాటలోని గట్టితనం నా గాజుకు లేదు.

సంఘం వచ్చిన రోజు డిసెంబరు చలి. పాకం చిక్కబడింది. వేరు కొద్దిగా సాగి ఆగిపోయింది. పెద్దలు ముగ్గురూ నా ముందు వంగి, నెయ్యి వాసన చూసి, గడియారాలు చూసుకున్నారు. మిగతా ఇద్దరూ భోజనానికి లేచారు.

"ఇక చాలమ్మా," అన్నారు గురునాథం గారు.

ఆమె ఒక కుర్చీ లాగి నా ముందు వేసింది. "కూర్చోండి సార్. అసలు కొండకి కోట్ల ఏళ్లు పడుతుంది. మీరో గంట ఆగలేరా?"

"కొండకేం తల్లీ, దానికి రెండింటి బస్సు లేదు."

అన్నారే గానీ కూర్చున్నారు. చాలాసేపటికి నాలో ఏదో బరువు మారింది. ఎర్రని వేరు కిందికి ఉబ్బింది, మెడ సన్నబడింది, తీగపాకంలా సాగి, సాగి, తెగింది. బొట్టు తీరికగా దిగి నా అడుగున కూర్చుంది. అంతవరకు గుంటపడి ఉన్న నెయ్యి నడిమధ్య నెమ్మదిగా పొంగింది. గురునాథం గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"లేచిందమ్మా," అన్నారు. ఆయన కూడా లేచారు. "అర బియ్యపుగింజంతే. కానీ లేచింది. క్వారీలు ఇంకెవరికైనా ఇద్దాంలే."

ఆ సంబరంలో నన్ను మూసేవారే లేకపోయారు. మర్నాటికి చీమలు దండెత్తి పర్వతాన్ని ఆక్రమించాయి. తీసిన చిత్రాలు భద్రంగా ఉన్నాయి గనుక సువర్చల నవ్వి, కొండనూ వేరునూ తూములో పారబోసి, నన్ను కడిగింది.

ఇప్పుడు నేను శాఖ ప్రదర్శనశాలలో ఎత్తైన పీఠం మీద ఉన్నాను. 'పర్వతమూలం ఊడిపడిన తొట్టి' అని నాకొక ఫలకం. ఏటా కొత్త విద్యార్థులు వరుసగా నిలబడతారు, అధ్యాపకులు బెత్తంతో నా అడుగున ఎర్రగా మెరిసేదాన్ని చూపించి, "అదుగో, ఆ వేరు!" అంటారు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు.

అది పళ్ల డాక్టరు గారి గులకరాయి.