పెద్దసారు నెత్తి, చంద్రవ్వ నోరు

అక్షరం తప్పు పోతే మన్నించండి. యాభై దాటాక పలక పట్టినదాన్ని. ఒకచోట ఉండాల్సిన ఒత్తులు పోయి ఇంకోచోట కూర్చుంటాయి. ఈ నాలుగు కాగితాలు రాయడానికి నాకు వానాకాలమంతా పట్టింది. మీరు మాత్రం తొందరగానే చదివేస్తారు.

ఆంధ్రప్రదేశ్ అయిన మూడో ఏడు. పెద్దపల్లికి రెండు కోసుల దూరంలోని ఒక బడిలో చంద్రవ్వ ఊడ్చేది, నీళ్లు పోసేది, గంట కొట్టేది. ఈ మూడు పనులూ చేస్తూనే తిట్టేది. చీపురును తిట్టేది, లోపలికి దూరే మేకను తిట్టేది, గంట కొట్టినా కదలని పిల్లలను తిట్టేది. పెద్దసారుకు కూడా "నీ నోట్ల మన్నువడ, తాగు" అంటూనే నీళ్లిచ్చేది. ఆ ఊళ్లో అందరి మాటా అంతే. తల్లి "లేస్తవా, బొంద వెట్టన్నా?" అంటేనే బిడ్డకు తెల్లవారేది.

పెద్దసారు పానకాలరావు మంగళగిరి వైపు నుంచి ఆ ఏడే బదిలీ మీద వచ్చాడు. మునుపటి బడిలో ఒకడు "నీ సంగతి చూస్తా" అని, నిజంగానే రాయి విసిరాడట. నుదుటి మీద చింతగింజంత మచ్చ మిగిలింది. అప్పటి నుంచి ఎవరి నోట బెదిరింపు విన్నా ఆయన చెయ్యి ఆ మచ్చ మీదికి పోయేది.

ఒకనాడు గోడ అవతల నాలుగో తరగతి బాలలక్ష్మి గొంతు వినిపించింది. ఎక్కం తప్పు చెప్పినందుకు గోడకుర్చీ వేయించాడని దానికి కోపం.

"సూడుండ్రి, రేపు పెద్దసార్ నెత్తి పగలగొడ్త!"

బాలలక్ష్మి చంద్రవ్వకు ఒక్కగానొక్క బిడ్డ. ఆ ఇంట్లో బడిలో కూర్చున్న మొదటి మనిషి.

పెద్దసారు వెంటనే విచారణ పెట్టాడు. నోటుబుక్కులో మూడు గడులు గీశాడు: ఎవరు, ఏమన్నారు, ప్రమాదం ఎంత. లెక్కల సారు ఇబ్రాహీం రాయాలి. డ్రిల్లు సారు పర్శరాములు సాక్షులను పిలవాలి. మొదటి సాక్షి బాలలక్ష్మి పక్కన కూర్చునే హఫీజా.

"ఈ పిల్ల నిన్నెప్పుడైనా బెదిరించిందా?" అన్నాడు పెద్దసారు.

"రోజు సంపుత అంటది సార్."

"రాయండి, రాయండి! మరి నువ్వేమన్నావు?"

"బాయిల నూకుత అన్న."

"అదీ రాయండి! మీ ఇంట్లో చెప్పావా?"

"జెప్పిన. మా అమ్మీ ఇద్దరి కాళ్లు ఇరగ్గొడ్త అన్నది."

సాయంత్రానికి నలభై ఒక్క బెదిరింపులు చేరాయి. టపా తెచ్చే మొండయ్యది ఒకటి, పాలు పోసే ముసలామెవి రెండు, తప్పిపోయిన కోడిని ఉద్దేశించినవి మూడు.

ఇబ్రాహీం సారు కలం ఆపాడు. "సార్, జర ఒక మాట. నిన్న మూడో తరగతిల అందరి తోలు తీస్త అన్నది మీరే గద. అది గూడ రాయన్నా?"

"అది క్రమశిక్షణ అండీ!"

"ముప్పై ఆరుగురి తోలు సార్. ప్రమాదం శాన ఉన్నది."

పెద్దసారు మచ్చ తడుముకున్నాడు. "నవ్వండి. నా మీద రాయి పడ్డ రోజు దాకా అక్కడా అందరూ నవ్వారు" అంటూ హాజరుపట్టీలో బాలలక్ష్మి పేరు కొట్టేశాడు.

చంద్రవ్వ తలుపు దగ్గరే ఉంది. సార్లిద్దరూ చెవులు మూసుకోవడానికి సిద్ధమయ్యారు. ఆమె నోరు తెరిచింది, మూసింది. ఒక్క తిట్టు బయటికొస్తే దాని వెనకాలే ఏడుపు తన్నుకొస్తుందని ఆమెకు తెలుసు. ఆ ముగ్గురి ముందు ఏడవడం ఆమె వల్ల కాదు. గిలాస కడిగి, మళ్లీ కడిగి, నీళ్లు పోసి, మెల్లగా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

పర్శరాములు గిలాసకు చెయ్యి అడ్డం పెట్టాడు. "సార్, ఆ నీళ్లు తాగకుండ్రి."

"ఎందుకు? ఈ పూటే కదా ఆవిడ మర్యాదగా ఇచ్చింది!"

"గదే పరేషాన్ సార్. మా దిక్కు తిట్టెటోళ్లతోని ఫికర్ లేదు. తిట్టుడు బంద్ వెట్టినోళ్లతోనే భయం. మెట్‌పల్లిల మా మేనత్త మామను తిట్టుడు బంద్ వెట్టింది. నాలుగోనాడు ఇంటి పెంకలన్ని పీకి, బండిల ఏసుకొని తల్లిగారింటికి వోయింది. మామ వానల నిలవడ్డడు."

పెద్దసారు ఆ నీళ్లు గన్నేరు మొక్కకు పోసి, పొద్దుగూకే దాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. మొక్కకేమీ కాలేదు. అదీ ఆయనకు అనుమానంగానే తోచింది.

మరునాడు చంద్రవ్వ ఆయన కుర్చీని రెండుసార్లు తుడిచింది. ఇంట్లో మూలకు ముడుచుకున్న బిడ్డ కళ్ల ముందు మెదులుతుంటే, తానేం తుడుస్తోందో ఆమెకే తెలియలేదు. పెద్దసారు ఆ రోజంతా నిలబడే పాఠం చెప్పాడు. మూడోనాడు మేక వచ్చి హాజరుపట్టీ అట్ట నమిలితే చంద్రవ్వ "పో తల్లీ" అంది. అది విని ఇబ్రాహీం సారు సెలవు చీటీ రాసుకున్నాడు.

పెద్దసారు ఇక ఆగలేకపోయాడు. "చంద్రవ్వా, ఏం చేయాలనుకుంటున్నావో చెప్పేయ్. లేదంటే ఒక్క తిట్టు తిట్టు."

"ఏం తిట్టాలె సార్? నాకు సదువు లేకపాయె. నా బిడ్డకన్న అస్తదనుకున్న. నీ పుస్తకంల నేను గుర్తువట్టేది గా పేరొక్కటే. ఇప్పుడు దాని మీద గీత ఉన్నది."

పెద్దసారు చెయ్యి నుదుటి వైపు లేచి, మధ్యలోనే ఆగింది. హాజరుపట్టీ తెరిచి, కింది ఖాళీ వరసలో పెద్ద అక్షరాలతో రాసి ఆమె వైపు తిప్పాడు. "చూడు. ఇదేనా?"

చంద్రవ్వ ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చూసుకుంది.

"నీ చేతులిరగ! మూడొద్దులు నా బిడ్డను అన్నం తిననియ్యకపోతివి గదయ్య! నీ పీనుగెల్ల, నీ నెత్తి మీద పిడుగువడ..."

గంట కొట్టాల్సిన మనిషి ఆమే కాబట్టి ఆ పూట గంటే మోగలేదు. పెద్దసారు చేతులు కట్టుకుని, పురాణం వింటున్నట్టు విన్నాడు. పర్శరాములు పరుగున వెళ్లి బాలలక్ష్మిని తీసుకొచ్చాడు.

పిల్ల తన చోట తాను కూర్చున్నాక, చంద్రవ్వ బయటికొచ్చి కిటికీ కింద కూలబడింది. లోపల బిడ్డ పాఠం చదువుతోంది. మూడు రోజులు ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది, చప్పుడు లేకుండా.

కిటికీలోంచి తొంగి చూసిన ఇబ్రాహీం సారు పెద్దసారు దగ్గరికి పరుగెత్తాడు.

"సార్! మల్ల గప్‌చుప్ అయింది!"

ఇది రాసింది గాజుల పోచవ్వ, వయసు యాభై ఎనిమిది, ఇప్పుడు ఉండేది మంచిర్యాలలో.