కొబ్బరినీళ్లు తాగిన పలక

నేను ఒక పలకను. అక్షరాలు దిద్దే పలకను కాను, మంటకు ఎదురు నిలవాల్సిన పలకను. నన్ను నిలవనివ్వలేదు. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

నన్ను తయారుచేసింది సువర్చల. హైదరాబాదు శివార్లలోని ఒక పరిశోధనశాలలో శాస్త్రవేత్త. గాజు నారతో నేసిన బట్టను తాను కనిపెట్టిన జిగురులో తడిపి, పొర మీద పొర పేర్చి, వేడి ప్రెస్సులో నొక్కి నన్ను చేసింది. రాత్రి బస్సుల్లో ఇంజనుకీ ప్రయాణికులకీ మధ్య నన్ను బిగించాలని ఆమె ఆశ. బస్సు అంటుకుంటే నేను కాసేపు మంటను ఆపాలి, ఆలోగా నిద్రపోతున్నవాళ్లు లేచి దిగిపోవాలి. అంతకన్నా గొప్ప ఉద్యోగం ఏముంటుందో మీరే చెప్పండి.

నాకు పడనిది తడి ఒక్కటే. కోసిన అంచుల్లోంచి నీరు పొరల మధ్యకు చేరితే బయటికి కనబడదు. మంట తగిలాక ఆవిరై నన్ను చీల్చేస్తుంది. బస్సులో బిగించే పలకల అంచులకైతే పూత వేస్తారు. మంట పరీక్ష కోసం అప్పుడే కోసిన నాకు ఆ పూత లేదు. అందుకే సువర్చల నన్ను ఓవెన్‌లో బాగా ఆరబెట్టి, కవరులో చుట్టి, పరీక్ష గదికి పసిపిల్లలా ఎత్తుకొచ్చింది.

అక్కడ డైరెక్టరు పట్టాభి గారు పూజ పళ్లెంతో సిద్ధంగా ఉన్నారు. పూజ లేనిదే ఆయన ఏ పరీక్షా మొదలుపెట్టరు. నాకు దేవుడి మీద కోపం లేదు. బర్నరుకు బొట్టు పెట్టుకోండి, గుమ్మంలో కొబ్బరికాయ కొట్టుకోండి, ఎవరొద్దన్నారు? కానీ బస్సుల కంపెనీ అతిథుల ముందు ఫొటో దిగాలి కదా! నా కవరు విప్పించి, బర్నరు ముందు నిలబెట్టించి, కాయ కొట్టి, ఆ నీళ్లన్నీ నా నెత్తిన పోశారు. తర్వాత ఉపన్యాసాలు. అవి సాగినంతసేపూ నీళ్లు నాలోకి ఇంకుతూనే ఉన్నాయి.

సువర్చల ఆయన పక్కకు వెళ్లి మెల్లగా చెప్పింది. “సార్, అంచులు తడిసినయ్. మళ్ల ఆరబెట్టాలె. పరీక్ష రేపు పెట్టుకుందాం.”

“శుభమా అని పూజ చేస్తే తడి అంటావేంటమ్మా? గుడ్డ పెట్టి తుడిచెయ్. రాహుకాలం వచ్చేస్తోంది.”

తుడిచారు. మంట పెట్టారు. కాసేపటికే నా పైసగం ఉబ్బి, పొరలు విడిపోయి, పటపటా పేలింది. అతిథులు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. ఇంకో పలకతో చూద్దామని సువర్చల బతిమాలింది. ఎవరూ వినలేదు. పూజ చేసినా ఇలా అయిందంటే లోపం జిగురులోనే ఉందని పట్టాభి గారు తేల్చేశారు. ప్రాజెక్టు మూసేశారు. ఆ కంపెనీ బస్సులు ఇప్పటికీ ప్లైవుడ్ అడ్డుపెట్టుకుని, మనుషుల్ని నిద్రపుచ్చుకుని తిరుగుతున్నాయి.

తడి చేరని నా కింది సగానికి ఏమీ కాలేదు. దాన్ని చూసినవాళ్లు లేరు. పేలిన సగాన్ని కోసి పారేసి, మిగిలిన నన్ను కిటికీలో పడేశారు.

మొన్న మరో పరీక్షకు మళ్లీ పూజ. కర్పూరం బల్ల మీద వెలిగిస్తే మచ్చ పడుతుందని ఎవరో సందేహించారు. పట్టాభి గారు నన్ను చూపించారు.

“దాని మీద వెలిగించండయ్యా. అది కాలదు.”

ఆ మాట ఆయన నోటి నుంచే విన్నాను!

సువర్చల కూడా విన్నది. కర్పూరం భగభగా మండుతుండగానే నన్ను ఒట్టి అరచేతిలో ఎత్తి ఆయన ముందుకు తెచ్చింది. “సార్, కింద నా చెయ్యి ఉంది. కాలుతలేదు. చూడండి.”

ఆయన రెండు చేతులూ మంట మీద చాచి, కళ్లకద్దుకుని, పక్కకు తప్పుకున్నారు. వెనకున్నవాళ్లంతా వరుసగా వచ్చి అదే చేశారు. నా కింద ఉన్న ఆ అరచెయ్యిని ఒక్కరూ చూడలేదు.