పాకం పీల్చుకునేదాకా

నిన్నటి నుంచి నులకమంచం మీద ఆరిన సమోసా పట్టీలను గురవమ్మ వేళ్లతో చింపి గిన్నెలో వేస్తోంది. పొట్టి మనిషి. ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు, గరిటె పట్టీ పట్టీ ముడులు తేలిన వేళ్లు. పదింటికల్లా హాస్టల్లో ఉండాలి. అరవై మంది ఆడపిల్లలకు మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర ఆవిడ చేతి మీదే దిగాలి. అయినా ఇవాళ ఈ పని పెట్టుకుంది. ఎందుకంటే నిన్న సాంబమూర్తి నోరు తెరిచి అడిగాడు.

"ఆ సంత్రా పిట చెయ్యరాదే," అన్నాడు మొగుడు, గోడవైపు తిరిగి పడుకునే.

తొమ్మిదేళ్లలో ఆయన ఆ పేరెత్తడం అదే మొదలు. గురవమ్మ అప్పటికప్పుడే పోయి సమోసా పట్టీలు తెచ్చి ఆరేసింది.

అంతకుముందు ఆవిడ సైప్రస్‌లో ఒక గ్రీకు ముసలమ్మ ఇంట్లో ఆరేళ్లు వంట చేసింది. పిట అని వాళ్లు పిలిచే ఈ మిఠాయి అక్కడ నేర్చిందే. ఒకరోజు దీని మీద పాకం పోస్తుండగానే ఇంటి నుంచి ఫోనొచ్చింది. చిన్నది శ్రీదేవి, పదకొండేళ్ల పిల్ల, జ్వరంతో దవాఖానాలో పోయిందని. పాస్‌పోర్టు ఏజెంటు చేతిలో ఉండిపోయింది. ఆవిడ వచ్చేసరికి ఇక్కడ దినాలు కూడా అయిపోయాయి. ఫోనొచ్చినప్పుడు ఏం చేస్తున్నావని ఆయన అడిగితే, పిచ్చి మాలోకం, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ఈడ బిడ్డ పానం పోతుంటే నువ్వాడ మిఠాయి చేస్తున్నవా?"

ఒక్కసారే అన్నాడు. మళ్లీ అనలేదు. కానీ ఏటా శ్రీదేవి పుట్టినరోజుకు ఆవిడ ఇది చేసి ముందు పెడితే, పళ్లెం పక్కకు నెట్టి లేచిపోయేవాడు. ఆవిడా మొండిదే, చేయడం మానలేదు. ఆయన ఒక్క ముద్ద తింటే తనను క్షమించినట్టేనని ఆవిడ నమ్మకం.

పెరుగు, గుడ్లు, చక్కెర, నూనె, సంత్రా తొక్క తురుము గిలక్కొట్టి చింపిన పట్టీల మీద పోసింది. అడుగున ఉప్పు పరిచిన పెద్ద గిన్నెలో ఆ పళ్లెం దించి మూత బిగించింది. దాల్చినచెక్క, సంత్రా రసం వేసి కాచిన పాకం అప్పటికే చల్లారింది. తొమ్మిదిన్నరకు పిట దించి, సెగలు కక్కుతుండగానే చల్లటి పాకం గరిటెలతో పోసింది. సుయ్యిమంది. రెండు గదుల కిరాయి ఇల్లు సంత్రా వాసనతో నిండిపోయింది.

"అయ్యిందా?" అన్నాడు సాంబమూర్తి. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేసిన ఛాతీ, మాటకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది.

"అవ్, అయ్యింది. కానీ పాకం పీల్చుకోవాలె. అయిదు గంటలు ముట్టొద్దు."

"జరంత పెట్టు."

"ఇప్పుడు తింటే లోపలంత పొడి పొడిగ ఉంటది. ఇన్నేండ్లకు అడిగినవ్, మంచిగ తినాలె గదా. నేనొచ్చి నా చేతుల పెడ్త."

నానకముందు చెయ్యి పెడితే ఆ గ్రీకు ముసలమ్మ గరిటెతో వేళ్ల మీద కొట్టేది. ఆ పద్ధతి గురవమ్మకు ఒంట్లో ఇంకిపోయింది.

సాంబమూర్తి మళ్లీ గోడవైపు తిరిగాడు. "సరే, పో. జల్దీ రా."

హాస్టల్లో పప్పు కలుపుతూ ఆవిడ తనలో తాను నవ్వుకుంది. ఉప్పు వేశానా లేదా అని రెండుసార్లు రుచి చూసింది. ఎంత ముక్క కోయాలి, ఏ గిన్నెలో పెట్టాలి అన్న ఆలోచనే.

రెండున్నరకు పక్కింటి సుజాత ఫోన్ చేసింది. "అక్కా, జల్దీ రా. అన్న పలుకుతలేడు."

షేర్ ఆటో దిగి పరుగున వచ్చేసరికి సాంబమూర్తి గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. చెయ్యి చల్లబడిపోయింది.

కొడుకు సాయికృష్ణ కొత్తగూడెం నుంచి వచ్చాడు. మనిషి పోయిన ఇంట్లో అంతకుముందు వండింది ఉంచరు. సుజాత అన్నం గిన్నె, కూర గిన్నె, మూత వేసి ఉన్న పిట పళ్లెం బయటికి మోసుకెళ్లి, ఖాళీ ప్లాటులో మొహం తిప్పుకుని బోర్లించి వచ్చింది.

"నా బుద్ధి మండ! ఇంత పెడితే ఏం పోతుండె?" అని గురవమ్మ నెత్తి కొట్టుకుంది. "అడిగిండు సుజాతా, నోరు తెరిచి అడిగిండు!"

మూడో రోజు ఆయన పక్కబట్టలు పారేయడానికి సాయికృష్ణ పరుపు ఎత్తాడు. గురవమ్మ గడపలో నిలబడి చూస్తోంది. ఆ మంచానికీ వంటింటికీ మధ్య పదడుగులు. వారం నుంచి ఆయన పట్టుకునేవాళ్లు లేకుండా ఒక్క అడుగూ వేయలేదు.

"ఇదేందమ్మా ఈడున్నది?" అన్నాడు కొడుకు.

పరుపు కింద, గోడవైపు మూలన, ఒక స్టీలు చెంచా. గుంటలో ఎండి అంటుకుపోయిన పాకం, అందులో సంత్రా తురుము, చుట్టూ చీమలు.