గంజితో అంటించిన మాటలు

మలికిపురం చుట్టుపక్కల నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్లలో సగంమందికి ఇంగ్లీషు నేర్పింది నేనే. నమ్మకపోతే వాళ్లనే అడగండి. అందరూ కువైట్‌లోనే ఉన్నారు కాబట్టి అడగడం కొంచెం కష్టం.

ఆ పొద్దున్న కృపారావు చిన్న గిన్నెలో గంజి కలుపుతున్నాడు. అది తొంభై ఎనిమిదో సంవత్సరం. అతనికి అరవై ఎనిమిదేళ్లు. పొయ్యి సెగకి కనుబొమలు ఎప్పుడో పలచబడ్డాయి. కుడి మణికట్టు మీద నూనె చిందిన మచ్చ చింతగింజలా నున్నగా మెరుస్తుంది. నడుముకి తెల్ల ఏప్రన్. ముప్పయ్యొక్క ఏళ్లు ఒక డాక్టరు దొరసాని బంగళాలో వంట చేశాడు. ఆవిడ వాళ్ల దేశం వెళ్లిపోయాక అతనికి మిగిలిన ఆస్తి ఆ ఏప్రనూ, వంటింటి సామాన్ల ఇంగ్లీషు పేర్లూను. భార్య చిట్టెమ్మ పోయి ఏడేళ్లు. పదిమందికి వండిన చెయ్యి అతనిది. ఒక్కడి కోసం పొయ్యి వెలిగించడం దానికి చేతకాలేదు.

అందుకని ఒక పాఠం కనిపెట్టాడు. ఫీజు లేదు. గల్ఫు వెళ్లదలచిన మనిషి పొద్దున్నే వచ్చి అతని వంటింట్లో వంట చెయ్యాలి. గరిటె, మూత, జల్లెడ, చీపురు, అన్నిటికీ ఇంగ్లీషు పేరు రాసిన చీటీలు గంజితో అంటించి ఉంటాయి. వంట చేసే మనిషి పొయ్యి వైపు తిరిగి, వెనక్కి చూడకుండా, కావలసినదాన్ని ఇంగ్లీషులో అడగాలి. తెలుగులో అడిగితే కృపారావుకి చెవుడు వచ్చేస్తుంది. తడుముకోకుండా అడిగితే ఆ చీటీ పీకి పొయ్యిలో వెయ్యొచ్చు. ఇంట్లో చీటీలన్నీ అయిపోయిన రోజు పాఠం అయిపోయినట్టు. ఏ రోజు వంట ఆ రోజు కలిసి కూర్చుని తినాలి.

"వందనాలండీ మాస్టారూ" అంటూ విజయకుమారి వచ్చింది. పదో తరగతి పాసైన మనిషి. బళ్లో నేర్చుకున్న ఇంగ్లీషులో సింహం ఉంది, చక్రవర్తి ఉన్నాడు, జల్లెడ లేదు. తొంభై ఆరు తుపానుకి ఇల్లు కూలి, ఇద్దరు పిల్లలతో తమ్ముడి వసారాలో తల దాచుకుంటోంది. ఏజెంటు మాణిక్యాలరావు ఆ రోజు మూడింటికి జీపు తెస్తానన్నాడు. కృపారావు సరేనంటే ఆమె వెళ్తుంది. ఇంకా కాలేదంటే కువైట్‌లో ఆ ఇంటికి ఏజెంటు వేరే మనిషిని పంపేస్తాడు.

ఆమె చింతచిగురు, ఎండురొయ్యలు వండింది. మూతకి లిడ్ అంది, జల్లెడకి సివ్ అంది, పట్టకారుకి టాంగ్స్ అంది. అడిగిందల్లా వెనక నుంచి చేతిలోకి వచ్చింది. చింతచిగురు దగ్గర ఆగిపోయింది. దొరసాని ఎన్నడూ తినలేదు గనక దాని పేరు అతనికీ తెలియదు.

"దాన్ని తెలుగులోనే అడుగమ్మా. దానికి పాస్‌పోర్టు లేదు" అన్నాడు.

నేనే నేర్పానన్నాను కదూ. నాకు వచ్చిన ఇంగ్లీషు బస్సు, టీ, టిక్కెట్టు. మాది పక్క దొడ్డి. భోజనాల వేళకి పెరటి దారిన వచ్చి మూడో పీట వేసుకునేవాణ్ని. నా బోధనంతా అదే.

తింటూ తింటూ విజయకుమారి మేకుకి వేలాడుతున్న అట్లకాడ వైపు చూసింది.

"దాని చీటీ మొన్నా తీసేనండి, నిన్నా తీసేనండి. మళ్లీ ఉందేంటండీ?"

"పలకడం ఇంకా కుదరలేదమ్మా" అన్నాడతను, కంచంలోంచి తలెత్తకుండా.

కుదిరి చాలా రోజులైంది. ఆమె ఇంటికి వెళ్తూ వీధి మలుపు తిరగగానే అతను మళ్లీ గంజి కలపడం నేను చూస్తూనే ఉన్నాను. నెల్లాళ్ల పాఠం మూడు నెలలకి సాగింది.

మూడింటికి జీపు వచ్చింది.

"ఏవండీ కృపారావుగారూ, అమ్మాయికి మాటలన్నీ వచ్చేయాండీ?" అని మాణిక్యాలరావు దిగకుండానే అడిగాడు.

కృపారావు ఏప్రన్‌కి చేతులు తుడుచుకున్నాడు. తడి లేకపోయినా మళ్లీ తుడుచుకున్నాడు. విజయకుమారి గడపలో నిలబడి అతని నోటి వంకే చూస్తోంది.

"ఆయ్. ఎప్పుడో వచ్చేశాయండి" అన్నాడు. "రెండు నెలలైందండి. తీసుకెళ్లండి."

జీపు కాలవగట్టు మీద కొబ్బరిచెట్ల వెనక్కి వెళ్లిపోయింది. ఆమె కడిగి బోర్లించిన కంచాల్లో ఒకటి తీసి అతను అటక మీద పెట్టాడు. తరవాత ఎవరూ రాలేదు. మలికిపురంలో ఎవరో ఫ్యాన్ కింద కూర్చోబెట్టి నేర్పే సెంటరు తెరిచారు.

ఇందులో ఒక్కటి నేను కల్పించాను. "తీసుకెళ్లండి" అన్న ఆ మాట కృపారావు అనలేదు. అతను చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు, డ్రైవరు ఇంజను ఆన్ చేశాడు. అన్నది నేను, అతని అన్నం తిన్న చెయ్యి కడుక్కుంటూ. ఆ తరవాత అతను ఆరేళ్లు బతికాడు. నన్ను ఒక్క మాటా అనలేదు, భోజనానికి పిలవనూ లేదు. పోయాక వాళ్లవాళ్లని అడిగి ఆ అట్లకాడ తెచ్చుకున్నాను. మా గోడ మేకుకి ఉంది, దాంతో ఇంతవరకూ ఎవరినీ అట్టు వెయ్యనివ్వలేదు. గంజి చిక్కగానే కలిపాడు, చీటీ ఇంకా ఊడలేదు.